ఉమ్మనీరు పోయాక నందిగామ ఆసుపత్రిలో జరిగింది

నా పేరు అవినాష్, తండ్రి తిరుపతిరావు, వయసు ఇరవై మూడు. జగ్గయ్యపేటలో మా పురుగుమందుల కొట్టు చూసుకుంటాను. ఎస్‌ఐ గారు అడిగితే చెబుతున్నాను. ఎవరో నేర్పి పంపిన మాటలు కావు.

మా అక్క కృష్ణప్రియకి ఐదో నెల. మొదటి కాన్పు ఆడపిల్ల. బావ హరిచరణ్ కోదాడ రైసుమిల్లులో గుమాస్తా, కాపురం అక్కడే. పుట్టింటికి వచ్చిన మర్నాడు, మంగళవారం పొద్దున, అక్కకి ఉమ్మనీరు పోయింది. నేనూ అమ్మా నందిగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాము, కోదాడ నుంచి బావా వచ్చేశాడు. మధ్యాహ్నానికి చలిజ్వరం పట్టుకుంది. బిడ్డ దక్కదని డాక్టరమ్మే చెప్పింది. మరి తీసేయండంటే, బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటోంది, అది ఆగేదాకా ఆగాలంది.

అక్క కోదాడ స్కానింగ్ కాగితం చూసి, "గరికపాడు చెక్‌పోస్టు దాటి, తెలంగాణకి పోయి స్కానింగ్ ఎందుకు తీయించారు?" అని అడిగింది.

"కాపురం అక్కడేనండి," అన్నాను. నమ్మలేదు.

మా అమ్మ తాయారు కలగజేసుకుంది. "ఈసారి మగపిల్లాడేనమ్మా. మగబిడ్డని ఎవరన్నా వద్దనుకుంటారా?"

"మగపిల్లాడని మీకెవరు చెప్పారు?"

"పొట్ట చూస్తే తెలీదా అండీ."

డాక్టరమ్మ ఫైలు మూసేసింది. "ఆడపిల్ల అని స్కానింగులో తెలుసుకుని వచ్చి నన్ను ఇరికిస్తారా? విజయవాడ తీసుకెళ్ళండి."

తల్లి ప్రాణం మీదికొస్తే ఎన్నో నెలైనా తీయవచ్చని చట్టంలోనే ఉంది. మహిళా సంఘం కరపత్రంలో చదివాను. జేబులోంచి తీసి చూపించాను.

"కరపత్రం నీకు, కేసు నాకా బాబూ?" అంది. రోడ్డుకి అవతల అధికారులు సీలు వేసిన ఆసుపత్రిని చూపించి, దానికి తాళమెందుకు పడిందో కనుక్కోమంది.

అక్క పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. దుప్పటి అడిగితే, డిశ్చార్జ్ రాసేశాం అన్నారు. అప్పుడు కౌంటరు అద్దం పగలగొట్టాను. నలుగురొచ్చి నన్ను పట్టుకున్నారు. స్ట్రెచరు పట్టడానికి బావ ఒక్కడే.

ఎస్‌ఐ గారు కూడా అదే అడుగుతున్నారు, మగపిల్లాడని మీ అమ్మకెలా తెలుసని. కానిస్టేబుల్ గారు అక్క ఇప్పుడున్న విజయవాడ ఆసుపత్రి నంబరు రాసుకున్నారు. అక్కని ఇంకా థియేటర్లోకి తీసుకెళ్ళలేదని బావ ఇందాకే ఫోన్ చేశాడు. స్కానింగు సంగతి కోదాడ వెళ్ళి విచారించుకోండి. నన్ను లాకప్‌లో పెట్టుకోండి. అద్దం పగలగొట్టింది నేనే, ఒప్పుకుంటున్నాను. ఆపరేషన్ అయ్యేదాకా విజయవాడకి మాత్రం ఫోన్ చేయకండి. పోలీసులు అడుగుతున్నారంటే వాళ్ళూ భయపడతారు.

ఈ చివరి మాట కూడా రాశాకే సంతకం పెడుతున్నాను. చదివి వినిపించారు. చెప్పింది చెప్పినట్టే ఉంది, ఇందులో అబద్ధం లేదు.

(సంతకం) అవినాష్