నీలిమందు కలపని రోజు

1893. బ్రసెల్స్‌లో కాలువ పక్క పేట. ఉతికిన దుప్పట్లు ఆరేసిన వంటగది, ఆదివారం పొద్దున. టిస్ట్, శిల్పి హాస్‌డాంక్ దొర కార్ఖానాలో అచ్చులు పోస్తాడు. నెల్ అతని భార్య, బట్టలు ఉతికే పని.

"జోళ్ళు తుడిచి పెట్టాను. లే."

"నేను రానన్నానుగా."

"నిన్న వస్తానన్నావు."

"నిన్న అన్నాను. ఇవాళ రానంటున్నాను."

"ఏమయ్యా, పదకొండింటికి రాజుగారు వచ్చి కొత్త బొమ్మ మీది తెర లాగుతారు. కార్ఖానాలో చేసినవాళ్ళందరికీ ముందు వరసలో చోటిచ్చారు. పెళ్ళాం పిల్లలతో..."

"ఊఁ."

"పెళ్ళాలతో. కార్డు మీద నీ పేరుంది. రాకపోతే ఏమనుకుంటారు?"

"దగ్గుగా ఉంది."

"నీ దగ్గుకి పదేళ్ళు. ప్లాస్టర్ దుమ్ము మింగిన మనిషికి దగ్గు రాక పాట వస్తుందా? నువ్వు రాకపోతే మానెయ్. నేను వెళ్తాను."

"నువ్వూ వెళ్ళొద్దు నెల్."

"నేనెందుకు వెళ్ళకూడదు?"

"జనం. తొక్కేస్తారు."

"గుర్రం బొమ్మకి తెర తీసిన రోజు నీ భుజమెక్కి చూశాను. అప్పుడు లేరా జనం?"

"అది వేరు."

"ఏం వేరు? రాజుగారి గుర్రం పిర్రలు సరిగ్గా నగరసభ కిటికీలకి ఎదురుగా పెట్టాడు మీ దొర. ఊరు ఊరంతా నెల్లాళ్ళు నవ్వింది."

"దొర పెట్టలేదు. కోటవాళ్ళు తిప్పమన్నారు. తిప్పాడు."

"వాళ్ళు ఏది అంటే అదేనా?"

"అదే. వంతెన మీద సింహాలు చూశావుగా. నోళ్ళు తెరిచి చేశాడు. రాణిగారు జడుసుకుంటారన్నారు. మూసేశాడు."

"మీ దొర చెప్పులు కుట్టేవాడి కొడుకు. మెషెలెన్ ఊళ్ళో చెక్క జోళ్ళు టకటకలాడించుకుంటూ తిరిగిన మనిషి. ఇప్పుడు ఇంకో పతకం ఇస్తామంటే తగిలించుకోడానికి ఛాతీ చాలదు."

"చాకిరీ చేశాడు."

"నువ్వు చెయ్యలేదా?"

"నేనా? నేను అచ్చులు పోస్తాను."

"సర్లే. ఇదైతే ఎవరూ నవ్వరులే. తల్లి ఒళ్ళో నిద్రపోయే పిల్ల. రొట్టెల కొట్టావిడ చెప్పింది, రాజుగారు కార్ఖానాకి వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడట."

"అది ఇంకా ప్లాస్టర్ బొమ్మగా ఉన్నప్పుడు."

"నువ్వున్నావా అక్కడ?"

"మూలనున్నాను."

"నాకొక్క ముక్క చెప్పలేదే! రొట్టెల కొట్టావిడ నోట వినాలా నేను? లే, ఆలస్యమవుతోంది. పిల్లల ఆసుపత్రి తోటదాకా నడవాలి."

"నెల్. వద్దన్నాను."

"ఎందుకో చెప్పు. జనం అనకు, దగ్గు అనకు."

"ఆ పిల్ల ముఖం."

"ఏం పిల్ల ముఖం?"

"అది లీస్‌కెది."

"ఏమన్నావు?"

"ఒళ్ళో పిల్ల ముఖం మన లీస్‌కెది."

"దొర మన పిల్లని ఎప్పుడు చూశాడు?"

"చూళ్ళేదు. నేను పెట్టాను. కూర్చో."

"కూర్చోను. చెప్పు."

"దాన్ని శవపెట్టెలో పెట్టిన రోజు పొద్దున నిన్ను కొవ్వొత్తులకి పంపాను. గుర్తుందా?"

"ఇంట్లో ఆరు ఉండగా పంపావు."

"దాని ముఖానికి నూనె రాశాను. ప్లాస్టర్ పోసి అచ్చు తీశాను. మనకి ఫోటో లేదు. ఒక్కటీ లేదు."

"కనుబొమ్మల్లో తెల్లగా ఉంది. గోడ సున్నం రాలిందనుకున్నాను. ఉమ్మి తడి చేసి తుడిచాను."

"తుడవడం చూశాను."

"చూసి ఏమీ అనలేదు."

"ఏమనను?"

"తర్వాత?"

"పాతిపెట్టిన మర్నాడు పనికి వెళ్ళాను."

"తెలుసు. నేనూ ఉతకడానికి వెళ్ళాను."

"దొర లేడు. కోటవాళ్ళతో సముద్రం ఒడ్డుకి వెళ్ళాడు. తల్లీపిల్ల బొమ్మ మట్టిలో అయిపోయింది, అచ్చు పొయ్యమని చెప్పి వెళ్ళాడు. మట్టిబొమ్మ మీద వేసే మొదటి ప్లాస్టర్ పూతలో నీలిమందు కలుపుతాను, తెలుసుగా?"

"నా తొట్టి దగ్గర చిటికెలు చిటికెలు ఎత్తుకుపోయేది అందుకేగా."

"అందుకే. ఆ పైన తెల్ల పూతలు వేస్తాం. లోపలున్న మట్టి పీకేసి, ఆ ఖాళీలో ప్లాస్టర్ పోస్తాం. గట్టిపడ్డాక పై అచ్చుని ఉలితో కొట్టేస్తాం. నీలం కనపడగానే చెయ్యి తేలిక చెయ్యాలి. దాని కిందే బొమ్మ."

"ఊఁ."

"ఆ రోజు కలపలేదు."

"మరిచావా?"

"మరిచాను. ఇరవై ఆరేళ్ళలో మరవలేదు. ఆ రోజు మరిచాను. అంతా తెలుపే. కొడుతూ పోయాను. నీలం వస్తుందిలే, వస్తుందిలే అని. ఒళ్ళో పిల్ల బుగ్గ పోయింది. ముక్కు పోయింది. నాలుగు దెబ్బలు."

"మట్టిది ఉంటుందిగా?"

"ఉండదు. పీకేశాక అది వట్టి మట్టే. అదీ లేదు, ఇదీ లేదు. దొర మూడ్రోజుల్లో వస్తాడు."

"అందుకని."

"ఇంటికొచ్చాను. లీస్‌కె అచ్చు మంచం కింద ఉంది. తీసుకెళ్ళి అందులో పోత పోశాను. కొలిచాను. సరిపోయింది నెల్. వేలెడు తేడా లేదు. సరిపోకపోయుంటే బాగుండేది."

"దొర కనిపెట్టలేదా?"

"చాలాసేపు చూశాడు. 'నేనింత బాగా చేశానా టిస్ట్' అన్నాడు. నేనేమీ అనలేదు."

"నువ్వు ఎప్పుడన్నావు గనక! పద్నాలుగు నెలలు నా పక్కన పడుకున్నావు."

"ఏమని చెప్పను? దాని ముఖం తీసుకెళ్ళి పగిలిన బొమ్మకి అతుకేశానని చెప్పనా?"

"చెప్పాల్సింది."

"ఆఁ. చెప్పాల్సింది."

"ఇప్పుడెందుకు చెప్పావు మరి?"

"తెర లాగగానే నువ్వు దాన్ని చూసి అరిస్తే? రాజుగారి ముందు? చచ్చిపోయిన పిల్ల మీద తీసిన అచ్చని తెలిస్తే ఉంచుతారా? ఆ ముఖం చెక్కి పారేయిస్తారు."

"దొర పేరు పోతుందని నీ బాధ."

"దొర పేరు నాకెందుకే. శ్మశానంలో మనలాంటివాళ్ళకి చోటు ఐదేళ్ళే. తర్వాత తవ్వి, ఎముకలు ఒక మూల పోసి, వేరేవాళ్ళని పెడతారు. మా అమ్మకి అదే చేశారు. అడిగితే ఏ మూలో కూడా చెప్పలేదు. తోటలోనైతే ఎవరూ తవ్వరు. పాలరాయి. మనం పోయినా అది ఉంటుంది."

"అందుకే ఊరుకున్నావన్నమాట ఇన్నాళ్ళూ."

"దొర పొగడ్తకి కాదు."

"పాలరాతిది నువ్వు చూశావా?"

"లేదు. ప్లాస్టర్ బొమ్మని రాళ్ళు చెక్కేవాళ్ళ షెడ్డుకి మోసుకుపోయారు. అక్కడ కొలతలు తీసి రాతిలో దించుతారు. చివర దొర వెళ్ళి ముఖాలు తనకి నచ్చినట్టు తీర్చిదిద్దుతాడు. నేను ఆ గుమ్మం తొక్కలేదు."

"ఒక్కసారి కూడానా?"

"కాళ్ళు రాలేదు."

"ఆ ప్లాస్టర్‌ది ఉందా ఇప్పుడు?"

"ఎందుకు?"

"ఉందా అని."

"లేదు. రాయి అయ్యాక దాంతో పనేముంది? పగలగొట్టి, బొమ్మ నిలబెట్టే దిమ్మె కింద గుంటలో పోశారు."

"మంచం కింద అచ్చు?"

"దాన్నీ కొట్టేసే కదా పోత తీసింది. ఒకసారికే పనికొస్తుంది."

"ఒక్కసారికే."

"ఏమే? ఎందుకిన్ని అడుగుతున్నావు?"

"ఏం లేదు. నీ కాఫీ చల్లారింది."

"ఉండనీ. అరుస్తావా?"

"అరవను."

"ఒట్టు?"

"అరవనన్నానా! వెళ్ళొద్దులే. నువ్వూ వద్దు, నేనూ వద్దు. పొయ్యి మీద చారు పెడతాను. తిని పడుకో."

"ఇందాక లే లే అని పీక్కుతిన్నావు."

"ఇందాక అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

"నీకు చెప్పేశాక నాకే చూడాలనుంది నెల్. పద్నాలుగు నెలలైంది. దూరం నుంచైనా సరే. ఆ జోళ్ళిలా ఇయ్యి."

"వద్దు టిస్ట్."

"వెనక నిలబడదాం. నువ్వు నా చెయ్యి పట్టుకో. ఇయ్యవే."

"ఇయ్యను. గురువారం ఆసుపత్రి తోటలో కడగడానికి మనుషులు కావాలంటే వెళ్ళాను. బొమ్మ మీద రాతిపొడి వదలాలన్నారు. ఒళ్ళో పిల్ల నా వంతుకొచ్చింది. సబ్బు పెట్టి ముఖం కడిగాను, చెవుల వెనక కూడా, ఈ చేతుల్తోనే."

"చూశావా? చూసి ఊరుకున్నావా? నాతో ఒక్క మాట..."

"ఏమనాలి? చక్కగా ఉంది. ఎవరో గొప్పోళ్ళ పిల్లనుకున్నాను."