టీవీ వెనక బోర్డు

సోమందేపల్లె దగ్గర ఒక ఊళ్లో, వేటకొడవలి చేతబట్టిన మనవడికి అడ్డంగా తాత గడప మీద కూర్చున్నాడు. లోపల టీవీ ఆడుతూనే ఉంది.

"టీవీ ఎనక ఆ బోర్డు ఏంది అబ్బీ?"

"చిన్న కంప్యూటర్ తాతా. అగ్గవకే దొరికింది. సినిమాలన్నీ పడతాయి."

"యాడ పడతాండాయి? ఆర్నెల్లనుంచి మీ నాయనను నరికిందే పడతాండాది."

"కోర్టుకాడ ఎవురో సెల్లులో తీసినారు. దినామూ చూస్తేనే కోపం ఆరకుండా ఉంటాది."

"మెడమీద ఎన్ని ఏట్లు?"

"నాలుగు. నాలుగోదానికి తల ఎనక్కి వాలిపోయింది. నరికినోడు ఈపొద్దు కదిరికి వాయిదాకొస్తాడు. లెయ్ తాతా."

"లేస్తాలే. ఆ బోర్డులో ఇంగా చోటుండాదా?"

"శానా ఉండాది. ఎందుకు?"

"రేపు వాని కొడుకు నిన్ను నరికేది గూడా ఎవుడో ఒకడు తీస్తాడు. నీ పెండ్లాం కడుపులో ఉండే బిడ్డకు చూపియ్యల్ల గదా."

"ఎవురు చూపిస్తారు?"

"నేనే. నాకు అలవాటే అబ్బీ. మా అన్నను నరికినప్పుడు రగతం అంగీ ఉతక్కుండా పెట్లో దాచినా. మీ నాయనకు అప్పుడు ఏడేండ్లు. దినామూ తీసి చూపిస్తి. పెద్దయినాక పోయి, మా అన్నను సంపినోన్ని నరికొచ్చినాడు. వాని కొడుకే ఇప్పుడు మీ నాయనను నరికింది."

"నువ్వు చూపిచ్చినావా తాతా?"

"నేనే. అంగీ అయితే ఇప్పి పరిస్తే సాలు. దీనికి ఏ బటన్ నొక్కల్లో చెప్పి పో."

మనవడు వెనక్కి వెళ్లి బోర్డు వైరు పీకేశాడు. కొడవలి పట్టుకునే వచ్చి తాత పక్కన కూలబడ్డాడు.