పెద్దంచు చీర, ప్యారిస్ పిల్ల

గద్వాలలో ఒక నేత ఇల్లు. శుక్రవారం సాయంత్రం. తల్లి విజయమ్మ రాట్నం మీద కండెలు చుడుతోంది. పదో తరగతి చదివే కూతురు ఉమారాణి అప్పుడే బడి నుంచి వచ్చింది.

“మా క్లాసు రంజిత్ పోతుండంట.”

“ఏడికి?”

“ఏడికేందమ్మా! వనపర్తికి. రేపటి పోటీకి. నా ప్రాజెక్టు వాడు చెప్తడంట.”

“గట్లనా. పోనీ తియ్యి. కాళ్లు కడుక్కో, చాయ్ పెట్టిన.”

“పోనీ తియ్యి అంటవేంది? దసరా సెలవులన్నీ దానికే పెట్టిన. క్లాసంత రామానుజన్ గురించే రాస్తే, నేనొక్కదాన్నే గా ప్యారిస్ పిల్ల గురించి ఎతికి ఎతికి రాసిన. ‘గణిత శాస్త్రజ్ఞుల జీవితాలంటే ఒక్కరేనా, ఇంకెవ్వరు లేరా’ అన్నది మహిపాల్ సారే గద? ఉమ్మడి జిల్లా పోటీకి మన బడి నుంచి నాదే ఏరిండు. ఏరినంక గిట్ల జేస్తడా?”

“ఎందుకట?”

“నాకు గొంతు లేదంట.”

“గట్లన్నడా?”

“అందరి ముందట అన్నడు. ‘ఉమారాణి రాస్తది గని మాట్లాడలేదు. మైకు ముందట బిగుసుకుపోతే బడి ఇజ్జత్ పోతది’ అని. బోర్డు తుడుసుకుంట అన్నడు. నా దిక్కు జూడలే.”

“జూడలేదా?”

“ఒక్కసారి గూడ. క్లాసంత నన్నే జూస్తుండ్రు, ఆయనొక్కడు జూస్తలేడు. ప్రియ కిసుక్కున నవ్వింది.”

“నవ్వితే నవ్వనీ. నువ్వు జర సిగ్గుదానివే గదనే. చుట్టాలొస్తే తలుపెనక నిలబడ్తవ్.”

“చుట్టాలు వేరు, గిది వేరు. రోజు నీ ముందట చెప్తలేనా? ఒక్క మాటన్న తప్పిన్నా?”

“నా ముందట చెప్పుడు ఏం పెద్ద…”

“నువ్వే గద రాట్నం ఆపి మరీ ఇన్నవ్!”

“దారం తెగింది. అందుకే ఆపిన.”

“దారం తెగలే. ఆ ప్యారిస్ పిల్ల తల్లిదండ్రులు కొవ్వొత్తులు గుంజుకున్న కాడ ఆపినవ్. నిప్పు ఆర్పిన్రు, బట్టలు దాసిన్రు, రాత్రిపూట లేసి లెక్కలు చెయ్యొద్దని. అది ఇని నువ్వేమన్నవో యాదికుందా?”

“ఏమన్న?”

“‘తల్లి ఉత్తగ దాస్తదా’ అన్నవ్. ‘పిల్లకు కండ్లు పోతయని దాసి ఉంటది’ అన్నవ్.”

“మరి? తల్లి రంది తల్లికుండదా?”

“ఉండనీ. సలికి సిరా గడ్డకట్టినా ఆ పిల్ల దుప్పటి కప్పుకోని చేసింది. ఆఖరికి వాళ్లే ఊకున్నరు. మగోని పేరు పెట్టుకోని పెద్ద పెద్ద సార్లకు లెక్కలు పంపింది. ఇవన్నీ రేపు రంజిత్ చెప్తడు. వానికి ఆ పిల్ల పేరు, సోఫీ జెర్మేన్ అనుడే వస్తలేదు. జర్మనీ సోఫీ అంటుండు. ఇంతసేపు కూసోని నేనే నేర్పిచ్చిన.”

“నువ్వే నేర్పిచ్చినవా?”

“సారు నేర్పియ్యమన్నడు. ఏం జెయ్యాలె? వాడు గూడ పాపం, ‘నాకొద్దు సార్, ఆమెనే పంపుండ్రి’ అన్నడు ఒకసారి.”

“చాయ్ దాగు, సల్లారుతుంది. నాయిన వచ్చే యాళ్లయింది, పట్టు తేనీకి షావుకారింటికి పోయిండు. రేపు పొద్దుగాల్నే మగ్గం ఎక్కాలె.”

“ఎక్కుత తియ్యి. రేపు నాకు ఇంకేం పనుంది?”

“పెండ్లి చీర అది. పెద్దంచు. నాయిన పక్కపొంటి కూసోని నువ్వు అంచు దిక్కు నాడె ఇసిరి దారం అందియ్యకుంటే పని నడుస్తదా?”

“నా బదులు యాదమ్మత్త ఒక్కనాడు కూసునేటిది కాదా?”

“చెయ్యి మారితే అంచుల తెలుస్తది. ఒకరు గుంజినట్టు ఇంకొకరు గుంజరు. షావుకారి ఏలుతోని తడిమి పట్టుకుంటడు. శ్రీశైలమన్నోళ్ల చీర గట్లనే ఎనక్కొచ్చింది. ఆ ఇంటికి మళ్ల నేతకు పడుగు దారం ఇచ్చిండా? నా రెక్క నొయ్యకుంట పైకి లేస్తే నేనే కూసుందు.”

“చీరకు చెయ్యి మారొద్దు. నా ప్రాజెక్టుకు నోరు మారొచ్చా?”

“చీర షావుకారిది. ప్రాజెక్టును ఎవరడుగుతరు?”

“నువ్వు గూడ గట్లనే అంటవ్.”

“ఒకసారి మైకు పట్టిన పిల్ల మళ్ల నాడె పడ్తదా అని నా పరేషాన్ నాకుంది. నీకేం తెలుస్తది.”

“అదెందుకిప్పుడు? నేనేమన్న మగ్గం వదిలిపెడ్త అన్ననా? సారే వద్దన్నడు గద.”

“అవు. సారే వద్దన్నడు గద.”

“అమ్మా, నేను ఇంటర్ల ఎంపీసీ తీసుకోను.”

“ఏంది?”

“లెక్కలు ఇడిసిపెడ్త. వేరేది తీసుకుంట, లేకుంటే ఏదీ తీసుకోను. నోరు లేనిదానికి లెక్కలెందుకు?”

“గట్లనకు.”

“నేనంటలే, సారంటుండు. బడంత నన్ను మూగది అన్నా నాకేం అనిపియ్యలే. ఆయనొక్కడే ‘నీ కాడ మాట ఉంది, అదే బయటికొస్తది’ అన్నడు. గా మాటనే నమ్మిన. ఇప్పుడు ఆయనే లేదంటే లేనట్టే గద?”

“ఉంది బిడ్డా. లేదని ఎవరన్నరు?”

“సారు!”

“సారు గట్ల అనుకుంటలేడు. పాపం, నిన్న గీ చాప మీద కూసోని ఎంత బతిలాడిండో…”

“ఏ చాప మీద?”

“ఏం లేదు.”

“సారు మనింటికొచ్చిండా?”

“వచ్చిండు. నీళ్లు దాగి పోయిండు. గంతే.”

“అమ్మా.”

“నువ్వు కిరాణాకు పోయినవ్ అప్పుడు.”

“ఏమన్నడు?”

“పంపుండ్రి అన్నడు. మా ఇంటామె గూడ ఎంబడొస్తది, మళ్ల ఇంటి కాడ దించుడు నా జిమ్మేదారి అన్నడు. పిల్ల మంచిగ చెప్తది అన్నడు.”

“మంచిగ చెప్తది అన్నడా?”

“అన్నడు.”

“మరి క్లాసుల గట్లెందుకన్నడు?”

“నేనే అనమన్న. ‘ఇంట్ల వద్దన్నరని చెప్పకుండ్రి సారూ. ఆమె రోజు నాయిన పక్కన కూసోని నెయ్యాలె. మనసుల కోపం పెట్టుకోని కూసుంటే ఇల్లు నడవది. మీ మీద కోపమొస్తే నాలుగొద్దులకు పోతది. గొంతు లేదని మీరే చెప్పుండ్రి’ అన్న. శానసేపు ఒప్పుకోలే. కాళ్లు మొక్కుత అన్న.”

“ఇంకో సాకు దొరకలేదా అమ్మా నీకు?”

“ఇంకేది చెప్పినా నువ్వు నమ్మవు గద.”





“బస్సు రేపు పొద్దుగాల. ఇంక టైముంది. నాయిన రాంగనే నేనే అడుగుత.”

“అడగకు.”

“తిడ్తడా? తిట్టనీ. కొడ్తడా? కొట్టనీ. ఎందుకు వద్దన్నడో నా మొఖం మీదనే చెప్పనీ. నోరు లేదన్నరు గద, నోరు తెరిసే అడుగుత.”

“ఉమా, నా మాటిను. ఆయనను అడగకు.”

“ఎందుకడగొద్దు? వద్దన్నది నాయినే గద?”

“చాయ్ సల్లారింది, మళ్ల ఎచ్చజేస్త ఆగు.”

“అమ్మా, కూసో. వద్దన్నది నాయినే గద?”

“మీ నాయినకు సారొచ్చిన సంగతే తెల్వదు బిడ్డా. తెలిస్తే మగ్గం ఆపి నిన్ను పంపుతుండె.”