ఒక్క కీబోర్డ్ చాలు

నాచారంలో ఒక చిన్న ఇల్లు. శనివారం పొద్దున. వెనక గది గుమ్మంలో శాంసన్, అతని భార్య దీవెన.

"అది గూడ బయట పెట్టు."

"ఇదా? ఇది ఆంప్, దీవెనా. ఇది లేకుంటే కీబోర్డ్‌కు సౌండ్ యాడికెళ్లి వస్తది?"

"దాన్ల ఎలుక పిల్లల్ని పెట్టిన సంది సౌండే వస్తలేదు గదా."

"బాగు చేయిస్త అన్న గదా."

"ఎప్పుడన్నవ్? కీర్తన ఉయ్యాలల ఉన్నప్పుడన్నవ్. అదిప్పుడు స్కూటీ నడుపుతున్నది."

"జర ఆగు. ఒక్కొక్కటి చూసుకుంట తీస్త."

"చూసుకునేదేం లేదు కీర్తన డాడీ. సోమారం పొద్దుగాల ఓవెన్ వస్తది. ఏఎస్ రావు నగర్ల బేకరీ ఎత్తేస్తున్న ఆయన నా మీద నమ్మకంతోని ఇస్తున్నడు. జాగ లేదంటే పోచారం పార్టీకి ఇచ్చేస్తడు. క్రిస్మస్ కేకులకు సగం నాచారం నుంచి ఆర్డర్లు పట్టిన. ఓవెన్ రాకపోతే వాళ్లకు నీ ఆంప్ కోసిచ్చుకుంటనా?"

"ఓవెన్ వంటింట్ల పట్టదా?"

"వంటింట్ల నేనే అడ్డం తిరిగి నిలవడ్త. అయినా ఓవెన్‌కు పెద్ద ప్లగ్గు కావాలె. ఇంట్ల ఉన్నయే రెండు. ఒకటి ఈ గదిల, ఒకటి హాల్ల. హాల్ల ప్లగ్గు కాడ నీ కీబోర్డ్ ఉన్నది. దాన్ని తీస్తవా?"

"దాని జోలికి పోకు! అది రోజు వాయించేది."

"అందుకే పోతలేను. అదొక్కటి ఉంచుకో అన్నది నేనే గదా. ఈ గది నాకియ్యి, ఆ కీబోర్డ్ నీకు. ఇంకేం గావాలె? ఆ డబ్బాలు ఏంది?"

"పెడల్స్. గిటార్‌కు పెట్టేటివి."

"నువ్వు గిటార్ ఎప్పుడు వాయించినవ్?"

"ఎప్పుడన్న నేర్చుకుంటే పనికొస్తయని."

"బయట పెట్టు. ఆ గుండ్రంది?"

"డ్రమ్ ప్యాడ్. దీన్ని మాత్రం అననియ్య. ఉపేందర్ పెండ్లిల దీన్ని వాయిస్తే జనం లేచి ఎగిరిన్రు."

"ఉపేందర్‌కు విడాకులు గూడ అయినయ్. బయట పెట్టు."

"నీకు సంగీతమంటే విలువ లేదు."

"ఉన్నది. సంగీతం హాల్ల ఉన్నది. ఈడ ఉన్నది దుమ్ము. పోయిన ఆదివారం మైకు పట్టుకొని ఏం సాక్ష్యం చెప్పినవో యాదికున్నదా? 'ప్రభువు నాతోని మాట్లాడిండు. శాంసన్, నీకెందుకు బిడ్డా ఇన్ని, ఒక్క కీబోర్డ్ చాలదా అని అడిగిండు. మిగిలినయ్ లేని సంఘాలకు ఇచ్చేస్త' అన్నవ్. చర్చంతా స్తోత్రం, స్తోత్రం అని మోగింది."

"అవును. మస్తు మోగింది."

"ఆ మాట అడిగింది ప్రభువా?"

"మరి?"

"ముందు రోజు వంటింట్ల చపాతి కర్ర పట్టుకొని అడిగింది ఎవరు?"

"దేవుడు ఎవరి నోటితోనైనా మాట్లాడ్తడు దీవెనా."

"ఇప్పుడు గూడ మాట్లాడుతున్నడు. ఆంప్ బయట పెట్టు."

"పెడ్తున్న, పెడ్తున్న. నడుము పట్టుకుంటది, ఆగు."

"నీ సాక్ష్యం సగంల నేను ప్రేమ విందు బిర్యానీ దించనీకి బయటికి పోయిన గని, లేకుంటే ఆడనే నవ్వేదాన్ని."

"మంచిగైంది."

"ఏంది?"

"బిర్యానీ. బిర్యానీ మంచిగైంది అంటున్న."

"ఆ రోజు అడుగంటింది. సరే, ఆ ఎర్ర కీబోర్డ్ ఏది? గోడకు నిలవెట్టి ఉంటుండె."

"ఇచ్చేసిన."

"ఆ మైకుల పెట్టె?"

"అది గూడ ఇచ్చేసిన. నిన్ననే. నీకు చెప్పనీకి టైం దొరకలే."

"ఎవరికిచ్చినవ్?"

"పోచారం అవతల ఒక సంఘం ఉన్నది. రేకుల షెడ్డు. పాపం, ఏం లేదు వాళ్లకు."

"పాస్టర్ పేరు?"

"పేరు... మంచి పేరే."

"కీర్తన డాడీ."

"నీ తమ్ముని కాడ పెట్టిన. ఉప్పల్ల. నీ కోపం తగ్గేదాక అంతే."

"మా బ్లెస్సన్ కాడ? వాని ఇంట్ల వాని గిటార్లకే జాగ లేదు. వాని పెండ్లం దోర్కా ఎట్ల ఒప్పుకున్నది?"

"దోర్కాకు తెల్వది. మంచం కింద నూకిండు."

"అబ్బా! ఇద్దరికి ఇద్దరు. అగో, బయట హారన్. వాద్యాలు తీస్కపోనీకి ఎవరో వచ్చిన్రు. పో, గేటు తియ్."

"ఎవరొస్తరు ఇంత పొద్దుగాల? దీవెనా, కిటికీలకెళ్లి చూడు. ట్రాలీ ఆటో. కని దాన్నిండ సామానున్నది."

"తీస్కపోయేటోళ్లు నిండు బండితోని ఎందుకొస్తరు?"

"ముందట కూసున్నది బ్లెస్సన్!"

"బావా! జర గేటు రెండు రెక్కలు తెరువు. డ్రమ్స్ పట్టాలె. అక్కా, బాగున్నవా?"

"బాగున్న తమ్మీ. బావ దాచిపెట్టినయ్ వాపస్ తెచ్చినవా?"

"అవి అడుగున ఉన్నయక్కా. మీదివి నావి. నడుమ ఉపేందరన్నవి. ఆ మూల కట్టినయ్ చిలుకానగర్ చర్చి కోయిర్ వాళ్లవి."

"నీవెందుకు తెచ్చినవ్రా?"

"దోర్కా ఊకుంటదా? బావ సాక్ష్యం వీడియో గ్రూప్‌ల పెట్టిన్రు. ఒక గ్రూప్ నుంచి ఇంకో గ్రూప్‌కు పోయింది. ఆడోళ్లందరు చూసిన్రు. కీబోర్డోళ్ల ఇండ్లల్ల, గిటారోళ్ల ఇండ్లల్ల ఒకటే లొల్లి. 'శాంసన్ అన్నతోని మాట్లాడిన దేవుడు నీతోని ఎందుకు మాట్లాడడు' అని అడుగుతున్నరు. మంచం కింద బావ సామాను గూడ దొరికింది. ఇగ నా పని అయిపోయింది."

"బాగనే అయింది గని, అవన్నీ ఇక్కడికెందుకు తెచ్చినవ్? లేని సంఘాలకియ్యాలె గదా."

"బ్లెస్సన్, టీ తాగుతవా?"

"తాగుత బావా. అదేందక్కా గట్లంటవ్? సాక్ష్యం చివరిదాకా వినలేదా నువ్వు?"

"చక్కెర ఎంత వెయ్యాలె?"

"నువ్వుండు కీర్తన డాడీ. సగంల బయటికి పోయిన, కేకుల పనిల ఆ వీడియో గూడ చూడలే. చివర్ల ఏమన్నడ్రా?"

"బావా, నువ్వే చెప్పు. నాకు గట్ల రాదు. నువ్వు ఏడ్చుకుంట చెప్పినవ్."

"ఏడ్చినవా?"

"స్తోత్రాలు ఆగుతలేవు దీవెనా. ముందు వరుసల మన పాస్టర్ కృపానందం అయ్యగారు కండ్లు తుడుచుకుంటున్నడు. ముసలమ్మలు చేతులెత్తిన్రు. నా జన్మల గంత చప్పట్లు ఎన్నడు రాలే. ఆపబుద్ధి కాలే. నోటికి ఏదొస్తే అది..."

"ఏమొచ్చింది?"

"వాద్యాలే గాదు, అవి ఉన్న గది గూడ ప్రభువుకే అన్న."

"ఏ గది?"

"మనకు ఉన్నదే ఒకటి గదా."

"అక్కా, ఎక్కువున్నోళ్లు తెచ్చి ఈడ పెట్టాలె, లేనోళ్లు వచ్చి తీస్కపోవాలె, అది బావ మాట. తెచ్చేటోళ్లకు కొదువ లేదు. వెనక ఇంకో బండి వస్తున్నది. తీస్కపోయేటోళ్లే ఇంక దొరకలే. ఫోన్ జేస్తే కొత్తవి ఉన్నయా అని అడుగుతున్నరు."

"అయ్యగారికి తెలుసా ఇదంత?"

"తెలుసుడేంది? రేపు ఆరాధన అయినంక సంఘమంత ఈడికే వస్తరు. ప్రార్థన చేసి గదిని ప్రతిష్ఠ చేస్తరట. రిబ్బన్ నేనే తెచ్చిన. ఎర్రది."

"దీవెనా... ఏమన్న అను."

"ఏమంట?"

"తిట్టు. గిట్ల ఊకుంటే నాకు భయమైతది."

"తిట్టను. మైకుల ప్రభువుకు ఇచ్చిన గది. వాపస్ అడుగుతమా? రేపు ఏ మొకం పెట్టుకొని పోత చర్చికి? బ్లెస్సన్, దించురా అన్ని. గది నిండ పెట్టు. ఆంప్ గూడ మళ్ల లోపల పెట్టు."

"నిజంగనా? చూసినవా బ్లెస్సన్, మీ అక్క మనసు! అందుకే నేను ఎప్పుడు అంట..."

"మరి నీ ఓవెన్ అక్కా?"

"వస్తది. సోమారం పొద్దుగాల."

"యాడ పెడ్తవ్?"

"పెద్ద ప్లగ్గులు రెండన్న గదా. ఒకటి ప్రభువుకు పోయింది. ఇంకోటి హాల్ల ఉన్నది."

"దీవెనా! ఆడ నా కీబోర్డ్ ఉన్నది. ఒక్కటి ఉంచుకో అన్నవ్, మాటిచ్చినవ్!"

"నేనియ్యనీ, నువ్వియ్యనీ, మన మాటలదేమున్నది? బ్లెస్సన్, అయ్యగారికి ఫోన్ కలుపు. రేపు సాక్ష్యం నేను చెప్తనని చెప్పు. ఇప్పుడే ప్రభువు నాతోని గూడ మాట్లాడిండు. 'దీవెనా, ఆ ఒక్కటి మాత్రం ఎందుకు బిడ్డా' అని అడుగుతున్నడు."