వాగు వంకర్లు

ముందుగది గోడకి ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం వేలాడుతోంది. దాని కింద పడక్కుర్చీలో రిటైరైన ఇంజినీరు. ఎదురుగా, ఇప్పుడు అదే ఆఫీసులో ఇంజినీరుగా పనిచేస్తున్న ఆయన కూతురు.

“నాన్నా, నువ్వు తిన్నగా తవ్వించిన వాగుకి మళ్ళీ పాత వంకర్లు పెట్టమని ఆర్డరొచ్చింది.”

“భేషుగ్గా ఉంది. ఆ వంకర్లు తీసినందుకే నాకు ఈ పత్రం ఇచ్చారు.”

“తీశాక నీళ్ళు ఒకటే పరుగు. వానొస్తే చాలు, గట్లు కోసుకుపోతున్నాయి. పొలాల్లో మట్టంతా కొట్టుకుపోతోందని రైతుల గొడవ.”

“అప్పుడు నీళ్ళు కదలట్లేదని వాళ్ళే నా ప్రాణం తీశారమ్మా.”

“సరేలే. పాత వాగు ఎటు తిరిగేదో చూపించే మ్యాపు ఆఫీసులో లేదు. ఆర్నెల్లుగా బీరువాలన్నీ తిరగేశాం. నీకేమైనా గుర్తుందా?”

“ఆ ఫ్రేము దించు.”

“ఇప్పుడు అదెందుకు నాన్నా?”

“దించమన్నానా! వెనక మేకులు ఊడదియ్యి. పత్రం ముడతలు పడకుండా అట్ట కావాల్సొచ్చింది. మ్యాపు మందంగా ఉందని అదే పెట్టాను.”

“అయ్యో రామా! ఇన్నేళ్ళూ నీ గోడకే ఉందా?”

“ఇంకెవడికి పనికొస్తుందిలే అనుకున్నాను.”

“ఇదుంటే పని అయిపోయినట్టే. నీకు వేరే అట్ట తెచ్చిపెడతాను.”

“నా సంగతి వదిలెయ్. వంకర్లు పెట్టినందుకు రేపు నీకూ ఒక పత్రం ఇస్తారు. దాని వెనక నేను తిన్నగా తవ్వించిన కాలువ డ్రాయింగు పెట్టి ఫ్రేము కట్టించుకో. నీ కూతురు వెతుక్కోనక్కర్లేదు.”