శాలువాలకు అరగంట

హలో… ఆ, నేనే. రాజగోపాల్‌నే.

ఎవరూ?… ఒక్క నిమిషం, సరిగ్గా వినపడట్లేదు. హైమా, ఆ టీవీ కాస్త తగ్గించు… ఆ, ఇప్పుడు చెప్పమ్మా.

మధ్యాహ్నం మీటింగ్‌కి వచ్చావా? థాంక్యూ, థాంక్యూ. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఫోన్లే ఫోన్లు. కాఫీ కూడా చల్లారిపోయింది… మరి చిన్న విషయమా చెప్పు. దేశం మొత్తానికీ స్కూల్ రూల్స్ మార్చే కమిటీ అది. వాళ్ళంతట వాళ్ళు వాషింగ్టన్‌లో కూర్చుని రాసేసుకోకుండా, మన హెర్న్‌డన్ తెలుగు సంఘం హాల్‌కి వచ్చి, తల్లిదండ్రులు మీరేమంటారు అని అడిగారు. నేను ఈ దేశం వచ్చాక మనల్ని కూర్చోబెట్టి ఒక మాట అడిగినవాళ్ళు లేరు… ఫోటోలు చూశావా గ్రూప్‌లో? కమిటీ మేడమ్‌కి శాలువా కప్పేటప్పటిది…

…

ఇంతకీ ఎవరన్నావమ్మా? నంబర్ సేవ్ చేసి లేదు నా దగ్గర.

…

సుమతీ.

ఆ… ఆ, సుమతీ. నీ గొంతు గుర్తుపట్టకపోవడమేంటి, టీవీ గోలలో… నేనే చేద్దామనుకుంటున్నా నీకు. నిజం. భోంచేశాక చేద్దామని…

అయ్యో, నువ్వు సారీ చెప్పడమేంటి… లేదు లేదు. ఏం అల్లరి చేశాడని మీవాడు?… చప్పట్లు కొట్టాడు, అంతే కదా. హాల్లో అందరం కొట్టట్లేదూ… కుర్చీ ఊపాడు. ఊపితే ఊపాడు. తొమ్మిదేళ్ళవాడు ఎంతసేపని కుదురుగా కూర్చుంటాడు…

సుమతీ, ఆగమ్మా. నువ్వు సారీ చెప్పకు. నాకేదోలా ఉంది.

టైమ్ ఎక్కువ తీసుకున్నావా? ఎవరన్నారు?… చీటీ వచ్చిందనా.

ఆ… చీటీ. అది మామూలే కదమ్మా. స్టేజ్ మీద ఎవరు మాట్లాడుతున్నా టైమ్ అయిందని ఒకటి పంపుతాం. మన సభల్లో అలవాటే అది… మేడమ్‌కి ఫ్లైట్ కూడా ఉంది కదా. రేపు టెక్సస్‌లో, ప్లేనోలో మీటింగ్ వాళ్ళకి… అదే ఆఖరిది. దాంతో అభిప్రాయాలు తీసుకోవడం అయిపోతుంది. ఆ తర్వాత ముసాయిదా ఖాయం చేసేస్తారు.

చెప్పు. ఏదో అడగాలన్నావ్.

…

నీ పేరు తీసేయాలా? నేను కమిటీకి పంపే రిపోర్ట్‌లోంచా?… ఎందుకమ్మా?

…

లైవ్… అవును, యూట్యూబ్‌లో లైవ్ పెట్టాం. ప్రతి ప్రోగ్రామ్‌కీ పెడతాం… నీకు తెలీదా? జితేందర్ చెప్పలేదా? కెమెరా సంగతి అతనే చూస్తాడు… చెప్పాడనుకున్నాను… లేదులే, అతని మీదికి తోయడమెందుకు. నేనే చెప్పాల్సింది.

ఎవరు చూశారు?… మీ అత్తగారా. హైదరాబాద్‌లో.

… ఆవిడకి వాడి సంగతి ఇప్పటిదాకా తెలీదా?… తొమ్మిదేళ్ళూ?

ఊఁ… వీడియో కాల్ చేసినప్పుడల్లా హోంవర్క్ చేసుకుంటున్నాడని చెప్పేదానివా… ఊఁ. సిగ్గరి అనుకుంటోందా ఆవిడ.

ఏమంది?…

…

ఆ మాట అందా. ఊరందరి ముందు చెప్పుకోవడానికి నోరెలా వచ్చిందీ అని… మరి మీ ఆయనేమంటున్నాడు?… గదిలోంచి బయటికి రాలేదా.

మనవాళ్ళు కూడానా? హాల్లోనేనా?… ఎవరావిడ?… సరే, ఎవరైతేనేంలే. ఏ గుళ్ళో ఏ పూజ చేయించాలో చెప్పిందా… నువ్వేమన్నావు?… ఫోన్ నంబర్ తీసుకున్నావా. అవునులే, అక్కడ నిలబడి ఇంకేం చేస్తావ్.

…

నాకు గుర్తుంది సుమతీ. నిన్ను రప్పించింది నేనే. స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లల తల్లి ఒకరుండాలని కమిటీ వాళ్ళు అడిగారు. నాకు తెలిసింది నువ్వొక్కదానివే. రానంటే రానన్నావు. "అందరి ముందూ చెప్పాలా అంకుల్" అని కూడా అడిగావు… అవును, అదే అన్నాను. నువ్వు చెబితేనే కదమ్మా రూల్స్ రాసేవాళ్ళకి తెలిసేది అన్నాను. ఏదో పెద్దమనిషి మాట చెప్తున్నట్టు.

… వారం రోజులా? అద్దం ముందు నిలబడి ప్రాక్టీస్ చేశావా… ఇంగ్లీష్ తడబడకుండా. తడబడలేదమ్మా. ఎక్కడా తడబడలేదు నువ్వు.

… నిజమే. నువ్వన్నది నిజమే. మా నీరజ్ మాట్లాడడు అని చెప్పుకున్నది అందరూ విన్నారు. దేనికోసం చెప్పుకున్నావో అది ఎవరూ వినలేదు.

టైమ్… అదే, టైమ్ లేక…

…

మేడమా? బాగుందంది. చాలా అప్రిషియేట్ చేసింది. ఇంత ఆదరణ ఎక్కడా చూడలేదంది… నీ గురించా?… ఆ, అడిగింది. కార్ ఎక్కేముందు. ఏం లేదు, ఊరికే…

…

లైన్లో ఉన్నావా?… ఒక్క నిమిషం. తలుపు వేసుకుంటాను. లేదు హైమా, ఏం లేదు. నువ్వు తినేసెయ్.

ఆ… సుమతీ, ఇలా నీళ్ళు నములుతూ కూర్చుంటే లాభం లేదు. చెప్పేస్తాను.

టైమ్ ఉందమ్మా.

అవును. ఇంకా అరగంట ఉంది. నిన్ను కూర్చోబెట్టిన తర్వాత ఆ అరగంటా శాలువాలకి పోయింది. మేడమ్‌కి కప్పాం. ఆవిడ వెంట వచ్చిన ఇద్దరికీ కప్పాం. జ్ఞాపికలిచ్చాం. ఆఖరికి కార్ నడిపే ఆయన్ని కూడా లోపలికి పిలిచి కప్పాం. నన్నెందుకు పిలిచారా అని పాపం ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. తర్వాత కార్యవర్గం ఫోటో. తర్వాత ఆడవాళ్ళ ఫోటో. తర్వాత నా స్పీచ్. వాళ్ళు మన మాటలు వినడానికొచ్చారు, మేం వాళ్ళకి సన్మానం చేసి పంపాం.

కాదు… అది కూడా కాదు అసలు కారణం. శాలువాలు ఇంకాస్త ఆలస్యమైతే ఎవరికేం పోయింది.

… చెప్పనీ. మధ్యలో ఆపితే మళ్ళీ చెప్పలేను.

నీకు ముందు నలుగురు మాట్లాడారు చూడు. మ్యాథ్స్‌లో అడ్వాన్స్‌డ్ క్లాసులు పెంచండి, టెస్టులు పెంచండి అని. మేడమ్ నవ్వుతూ వింది, చేతులు కట్టుకుని. నువ్వు "మా నీరజ్ మాట్లాడడు" అనగానే పెన్ తీసింది. వెనకాల వీడేమో చప్పట్లు… నాకు తల కొట్టేసినట్టయింది. మన పిల్లలంటే స్పెల్లింగ్ పోటీలు, సైన్స్ ఫెయిర్లు అని ఇన్నేళ్ళూ ఎక్కడికెళ్తే అక్కడ చెప్పుకుని తిరిగాను. ఈవిడ మనదగ్గరికొచ్చి ఇది రాసుకుని పోతోందే అనిపించింది. సిగ్గేసింది సుమతీ. నీ కొడుకుని చూసి కాదు…

కాదు, అబద్ధం. నీ కొడుకుని చూసే.

చీటీ నేనే రాశాను. "ముగించండి" అని. జితేందర్ చేతికిచ్చి పంపించాను. నువ్వు అది చదువుకుని, మడత పెట్టి, "థాంక్యూ" అనేసి కూర్చున్నావు. వాక్యం సగంలో ఉంది… ఆ తర్వాత నా స్పీచ్‌లో ఏమన్నానో విన్నావు కదా… విన్నావు. రెండో వరసలోనే ఉన్నావు. మా కమ్యూనిటీలో అలాంటి సమస్యలు పెద్దగా లేవని అన్నాను. నీ వైపు చూడకుండా అన్నాను.

…

ఏడుస్తున్నావా?… సరే. సరేనమ్మా.

ఇంకోటుంది. కార్ దగ్గర సంగతి. మేడమ్ నన్ను పక్కకి పిలిచి, ఆ తల్లి ఏదో అడగబోయి ఆగిపోయింది, ఏమిటది అని అడిగింది. ఆవిడ మర్చిపోలేదు… నేనా? నేను… మీకు థాంక్స్ చెప్పబోయింది మేడమ్ అన్నాను.

…

అవును. మంచి స్కూళ్ళున్నాయి కదా, అందుకు థాంక్స్ చెప్పబోయింది అన్నాను. ఆవిడ "ఓహ్" అని పెన్ లోపల పెట్టేసుకుంది.

…

సుమతీ?

…

నాలుగు తిట్టినా బాగుండును. ఫోన్ ఎత్తగానే సారీ అంకుల్ అన్నావు. ఇదంతా కడుపులో పెట్టుకుని, పర్లేదులేమ్మా అని నీకు నేను ఓదార్పు చెప్పాను ఇందాక. ఆ మాట తల్చుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

…

ఏమడగాలనుకున్నావమ్మా?… లేదు, నాకు తెలీదు. రమ్మన్నాను గానీ ఏం చెప్తావని నేను అడగనేలేదు. కమిటీ ఒక తల్లిని అడిగింది, ఒక తల్లిని తెచ్చిపెట్టాను. అంతవరకే చూసుకున్నాను.

చెప్పు. వింటున్నాను.

… ఎయిడ్. ఆ, క్లాసులో వాడి పక్కన కూర్చుని చూసుకుంటుందే, ఆవిడ… కొత్త ముసాయిదాలో పాఠాలు జరిగే టైమ్‌కే ఇస్తామన్నారు… ఊఁ. లంచ్ అప్పుడు ఉండదు.

…

డబ్బా మూత గట్టిగా ఉంటే… తీసిపెట్టమని అడగలేడు. ఊఁ.

… ఎయిడ్ సెలవు పెట్టిన రోజునా… పెట్టింది పెట్టినట్టే ఇంటికొచ్చిందా… పులిహోర. వాడికిష్టమని చేశావా… మరి పక్కన కూర్చున్న పిల్లలు?… వాడికి ఆకల్లేదనుకున్నారా.

…

ఆకలేస్తే చప్పట్లు కొడతాడా.

… మరి ఇవాళ హాల్లో?… … … మేం భోజనాలు వెనకాల పెట్టించాం. వాసన వస్తూనే ఉంది. సన్మానం అయ్యాకే వడ్డించాలని నేనే ఆపించాను.

…

అయితే నువ్వు అడగాల్సింది అదేనా. లంచ్‌కి కూడా ఎయిడ్‌ని ఉంచండి అని… అంతేనా? ఇంకేం లేదా?

ఆ ఒక్క మాటే మిగిలిందా సుమతీ?… ఆ ఒక్క మాటకా నేను చీటీ పంపింది.

…

నేను రాస్తాను. రిపోర్ట్‌లో మొదటి పేజీలోనే పెడతాను. నీ పేరు లేకుండా… నమ్మకం లేదా. ఎలా ఉంటుందిలే. వీడియో ఇప్పుడే తీయించేస్తాను… తీసేసినా మీ అత్తగారు చూసింది చూడనట్టు కాదు. అవును.

మరి నన్నేం చేయమంటావు, చెప్పు.

… మేడమ్ నంబర్ ఉంది. సెల్ నంబరే… లేదు, ఎక్కి ఉండదు. ఫ్లైట్ లేటయింది, డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లోనే కూర్చున్నానని ఇందాకే మెసేజ్ పెట్టింది… మెసేజ్ ఎందుకంటే… శాలువా బాగుందని. నీకు పంపిస్తాను ఉండు, నంబర్…

ఇప్పుడా? ముగ్గురం ఒకే లైన్లో ఉండేలా మెర్జ్ చేయాలా?

… ముందు నేను చెప్పాలా. నువ్వు లైన్లో ఉండగా.

…

రేపు పొద్దున్న చేస్తే… లేదులే. రేపు ఆవిడ ప్లేనోలో ఇంకో హాల్లో ఉంటుంది. అక్కడా శాలువాలే ఉంటాయి… నువ్వన్నది న్యాయం. నేను థాంక్స్ చెప్పబోలేదు అని నువ్వు ఫోన్ చేస్తే ఆవిడ ఎవర్ని నమ్మాలి. నేనాడిన అబద్ధం, నేనే చెప్పుకోవాలి.

కాసిని మంచినీళ్ళు తాగి… వద్దులే. లేస్తే మళ్ళీ కూర్చోను.

హోల్డ్‌లో ఉండు. కట్ చేయకు.

…

రింగవుతోంది.

…

హలో మేడమ్. రాజగోపాల్ హియర్, ఫ్రమ్ హెర్న్‌డన్… యెస్, యెస్, హ్యాండ్‌లూమ్… యూ ఆర్ వెల్కమ్. నో మేడమ్, దట్ ఈజ్ నాట్ వై ఐ కాల్డ్.

ఐ హావ్ సుమతి ఆన్ ద లైన్… యెస్. దట్ మదర్.

మేడమ్, షీ వజ్ నాట్ గోయింగ్ టు థాంక్ యూ.

…

నో. ఐ స్టాప్డ్ హర్. ఐ సెంట్ ఎ నోట్ టు ద స్టేజ్… నో, దేర్ వజ్ టైమ్.

… వై?

…

బికాజ్ ఐ వజ్ అషేమ్డ్ ఆఫ్ హర్ బాయ్.

…

యెస్ మేడమ్. షీ కెన్ హియర్ మీ.

…

ఓకే. ఓకే, మేడమ్.

సుమతీ, పెన్ తీసుకుంటోందట. మొదట్నుంచీ చెప్పమంటోంది. తొందరేం లేదంట, ఫ్లైట్ ఇంకా పిలవలేదు. చెప్పమ్మా. డబ్బా సంగతి చెప్పు, చప్పట్ల సంగతి కూడా చెప్పు. నేనిక్కడే ఉంటాను, ఎక్కడైనా మాట తట్టకపోతే అందిస్తాను…

…

నేనా?

…

వినడం కూడా వద్దా.

…

అవునమ్మా. సరే… నేను కట్ చేస్తే మీ ఇద్దరి లైనూ పోతుందేమో. ఫోన్ బల్ల మీద పెట్టేసి బయటికి వెళ్ళిపోతాను… ఆ, తలుపు వేసే వెళ్తాను.

ముగిస్తున్నాను.