రాగి మొసలి

ఆదివారం మధ్యాహ్నం, పోర్ట్ బ్లెయిర్‌లో ప్రదీప్ మొబైల్ షాపు మేడ మీద ఎవరి కట్టతో వాళ్ళాడే బొమ్మ కార్డుల పోటీ. తన బల్లకి ఎదురుగా కూర్చున్న ఆమెతో ప్రదీప్ ఫోన్ యాప్‌లో ఆడడమే తప్ప, ఆమెను ఎన్నడూ చూడలేదు. చూడలేదనే అనుకున్నాడు.

"అంటే యాప్‌లో 'గరిటె' మీరేనా ఆంటీ? సచ్చీ, నిజంగా? ఎవరో కాలేజీ కుర్రాడనుకున్నా."

"కుర్రాళ్ళు ఆ పేరెందుకు పెట్టుకుంటారు బాబూ? వాళ్ళకి గరిటె ఏ అరలో ఉంటాదో కూడా తెలీదు."

"నలభై ఆటలాడాం మనం."

"నలభై మూడు. ముప్ఫై నువ్వే గెలిచేవు. పొయ్యి మీద కూరుంటే నేను ఓడిపోతాను."

"ఇక్కడ కూర లేదు కదా, చూద్దాం. ఎక్కణ్ణించి వచ్చారు?"

"వైజాగ్. ఓడలో మూడు రోజులు. సముద్రం కనపడకుండా కిందనే కూర్చున్నాను."

"ఈ ఒక్క పోటీ కోసమా? ఇప్పుడు సముద్రం కింద కేబుల్ వచ్చి నెట్ బాగుపడింది కదా. ఇదివరకైతే ఒక కార్డు వేస్తే, చాతం జెట్టీ నుంచి ఫెర్రీ అవతలి ఒడ్డుకి వెళ్ళి తిరిగొచ్చేది."

"బాగుపడ్డాకే కదా ఇక్కడోళ్ళు నాకు దొరికేరు. కానీ యాప్‌లో ముక్కలు మిషనే కలిపేస్తాది. నీ ముక్కలు నా చేతికి రావు."

"ముక్కలు కాదాంటీ, కార్డులు."

"అవే. ఎదురుగా ఆడితే నీ కట్ట నేను కొయ్యాలంట కదా?"

"మీది నేను, నాది మీరు. మోసం లేకుండా. ఇదిగో... ఏంటాంటీ, కొయ్యమంటే తడుముతున్నారు?"

"ఒకటి లావుగా ఉంది. తడిసి ఆరినట్టు."

"అదా. రాగి మొసలి కార్డు. నా దగ్గర కాగితంది ఉందని చాట్‌లో చెప్పాను కదా. యాప్‌లో ఎవరికైనా ఉంటుంది. చేత్తో పట్టుకునేది మాత్రం ఈ ద్వీపాలన్నిటిలో ఇదొక్కటే."

"చెప్పేవు. అందుకే ఓడెక్కేను."

"వానలో తడిసింది. నల్ల కవర్లో ఉంది కదా, ఆటకి ఇబ్బంది లేదు. ఇలా ఇవ్వండి."

"ఎవరిచ్చేరు?"

"ఏది?"

"మొసలి."

"ఓ దోస్తు. చిన్నప్పుడు. ఆంటీ, పక్క బల్లవాళ్ళు మొదలుపెట్టేశారు."

"ఆ దోస్తు పేరు లోహితేనా?"

"మీరెవరు?"

"నీకు పదమూడేళ్ళప్పుడు మా ఇంట్లో రోజూ చేపల పులుసు తినేవాడివి. నువ్వు పెద్దోడివయ్యేవు, నేను సగమయ్యేను. గుర్తుపట్టలేదని ఏమీ అనుకోనులే."

"రాజకుమారి ఆంటీ..."

"కూర్చో నాన్నా. లేస్తావెందుకు? ఆట అవ్వలేదు."

"మీరు... మీరు సునామీ తర్వాత వెళ్ళిపోయారని విన్నా."

"ఏడేళ్ళ తరవాత వెళ్ళేను. ఆ ఏడేళ్ళూ చాతం జెట్టీ దగ్గర ఫెర్రీ దిగినోళ్ళ మొహాలు చూస్తూ నిలబడ్డాను. నీ మాట మీదే."

"నా మాటేంటి?"

"సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున్న మా లోహిత్ మీ ఇంటికని చెప్పి బయల్దేరేడు. నువ్వేమో రాలేదన్నావు. రాకపోతే ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లో అమ్మమ్మ దగ్గరకి వెళ్ళుంటాడనుకున్నాం. ఈ రోజుకీ మీ అంకుల్ తద్దినం పెట్టనివ్వరు. ఎటెళ్ళేడో తెలీకుండా ఎలా పెడతావంటారు."

"రాలేదాంటీ. అప్పుడూ అదే చెప్పా. ముందురోజు క్రిస్మస్ కదా, ఆ రాత్రే వాణ్ణి ఆఖరిసారి చూడ్డం."

"మరి మొసలి?"

"ఆ రాత్రే ఇచ్చాడు. ఆడుకుని వెళ్ళిపోతూ, ఉంచుకో అన్నాడు. పక్కా."

"వాళ్ళ మావయ్య ఆ సాయంత్రమే చెన్నై నుంచి తెచ్చిందాన్ని. రాత్రికే ఇచ్చీసేడు."

"పిల్లలం కదా ఆంటీ."

"ఆదివారం నువ్వు వాణ్ణి చూడనే లేదు."

"చూడలేదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"కవరు తియ్యి. వెనక చూడాలి."

"పోటీ మధ్యలో తియ్యకూడదు."

"గుర్తు పెట్టిన ముక్కతో ఆడితే ఔటని నువ్వే కదా చాట్‌లో చెప్పేవు. వెనక మూలన ఎర్ర గోళ్ళరంగు చుక్కుంటాది. నీవీ వాడివీ కలిసిపోయి కొట్టుకుంటున్నారని నేనే పెట్టేదాన్ని."

"ఉంది. ఉంటే ఏమైంది? వాడి కార్డులన్నిటికీ ఉండేది. చుక్కతోనే ఇచ్చాడు."

"క్రిస్మస్ రాత్రి."

"అవును."

"చుక్క చెదిరి ఉంటాది. మధ్యలో చిన్న వేలిముద్ర. చూడు."

"ఉంది..."

"ఆరకుండానే వాడి వేలు తగిలింది మరి. ఆదివారం పొద్దున్న వాడు చెప్పులేసుకుంటూ ఈ మొసలి చాపితే చుక్క పెట్టేను. ప్రదీప్ వాళ్ళిల్లు వచ్చేదాకా ఊదుకుంటూ వెళ్ళమన్నాను."